ఇరాక్‌ల ఉన్న 'ఊర్' మన ఊరేనా?

గీ ముచ్చట వాట్సాప్‌లనో, యూట్యూబ్‌లనో మీరు ఒక్కసారన్న చూసే ఉంటరు. ఇరాక్ దేశంల 'ఊర్' అనే పాత పట్నం ఉన్నది. నాలుగైదు వేల ఏండ్ల కిందనే ఇటుకలతోటి పెద్ద గుడి కట్టిన్రు అక్కడ. మనం ఊరును ఊరు అంటం, వాళ్లు కూడ ఊర్ అన్నరు. గందుకే ఆ పట్నం కట్టింది మనోళ్లే, లోకానికి ఊరు అనే మాట నేర్పింది మనమే అని ఆ వీడియోల చెప్తరు. తమిళోళ్ల గ్రూపులల్ల గిదే కథ తమిళం పేరు మీద నడుస్తది. వినెతందుకు మస్తుగ ఉంటది. ఛాతి ఉబ్బుతది. వెంటనే నలుగురికి పంపుతం.

నేను భాషాశాస్త్రం కాలేజీల సదువుకున్నోన్ని కాదు. పాత పుస్తకాల దుకాణాలల్ల, లైబ్రరీలల్ల దొరికినయి దొరికినట్టు సదువుకుంట నేర్సుకున్న. అయినా ఈ ప్రశ్నకు జవాబు మొదలే చెప్త: ఇరాక్ ఊర్ వేరు, మన ఊరు వేరు. రెండిటికి సుట్టరికం ఉన్నట్టు రుజువు లేదు. 'లేదు' అని ఎట్ల తేలుస్తరో తెలుసుకుంటే, రేపు ఇంకో మాట మీద ఇంకోడు కథ చెప్పినా మీరే తేల్చుకోవచ్చు. గందుకే కొంచెం ఇవరంగ చెప్తున్న.

మన ఊరు ఎక్కడిది?

ఊరు అచ్చ తెలుగు మాట. సంస్కృతం నుంచి రాలేదు, ఉర్దూ నుంచి రాలేదు. తమిళంల ఊర్, కన్నడంల ఊరు, తుళుల ఊరు, మలయాళంల ఊర్. ఇవన్నీ ద్రావిడ భాషలు, ఒక తల్లి పిల్లలు. తల్లి భాషల ఉన్న మాట పిల్లలందరికి వచ్చింది. కడప జిల్లా కలమళ్లల దొరికిన శాసనం క్రీ.శ. 575 ప్రాంతందని చెప్తరు. తెలుగుల మనకు దొరికిన మొట్టమొదటి శాసనాలల్ల అదొకటి. అందుల్నే చిఱుంబూరు, చెనూరు అనే పేర్లున్నయి. అంటే పద్నాలుగు వందల ఏండ్లకు ముందే మన ఊర్ల పేర్ల తోకకు 'ఊరు' ఉన్నది.

ఇయ్యాల్టికి చూడున్రి: తాండూరు, తొర్రూరు, ఆర్మూరు, చెన్నూరు, గుంటూరు, ఏలూరు. ఇంగ్లీషోళ్లకు ఈ తోక నోరు తిరగక 'ఓర్' చేసిన్రు. నెల్లూరు నెల్లోర్ అయింది, మైసూరు మైసోర్ అయింది, బెంగళూరు బ్యాంగలోర్ అయింది. కన్నడోళ్లు 2014 నవంబర్ 1న అధికారికంగ బెంగళూరు, మైసూరు అని మల్ల తెచ్చుకున్నరు.

మన దిక్కు తోక పోయిన ఊర్లు కూడ ఉన్నయి. పాలమూరుకు 1890 సంవత్సరంల ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని పెట్టిన్రు. ఇందూరు నిజామాబాద్ అయింది. కాయితాల మీద మారింది గని జనం నోట్ల పాలమూరు పాలమూరుగనే ఉన్నది. వలస పోయినోళ్లను దేశమంత 'పాలమూరు లేబర్' అనే పిలిచిన్రు, మహబూబ్‌నగర్ లేబర్ అనలే.

గని చెవికి ఊరు లెక్క వినవడ్డదల్ల ఊరు కాదు. నాగపూర్, జైపూర్ తోక సంస్కృతం 'పుర'. సింగపూర్ తోక కూడ అదే. మనోళ్లు కూలికి, నౌకరికి పోయే కౌలాలంపూర్ చూడున్రి, అండ్ల పురమూ లేదు, ఊరూ లేదు. మలయ్ భాషల 'లుంపూర్' అంటే బురద. రెండు ఏర్లు కలిసే బురద జాగ అని ఆ పేరు. మన దగ్గర పాలేరుల ఉన్నది ఏరు. ఓరుగల్లుల ఉన్నది కూడ ఊరు కాదు, ఒకటి అనే అర్థమున్న 'ఒరు'. ఒంటి రాయి కాబట్టి ఓరుగల్లు, దాన్నే సంస్కృతంల ఏకశిల అన్నరు. ఆ 'కల్లు'ను యాది పెట్టుకోన్రి, దానితోటి తర్వాత పని ఉన్నది.

తెలుగులనే మూడు ఊర్లు

ఇరాక్ దాక ఎందుకు, మన భాషలనే ఒక్క సప్పుడుకు మూడు మాటలున్నయి.

ఊరపిచ్చుకల ఉన్నది ఊరు. అడవిల కాకుండ ఊర్లె ఇండ్ల సూరుకింద బతికే పిచ్చుక. మరి ఊరగాయల ఉన్నది? ఊర్లె కాసిన కాయ అని కాదు. ఉప్పుల, నూనెల ఊరిన కాయ. నోరూరుడు, బాయిల నీళ్లు ఊరుడు, ఊట, ఇవన్ని ఆ ఊరుడు సంబంధమే.

ఈ రెండు ఒక్కటి కావని ఎట్ల చెప్పగలుగుతం? పాత తెలుగుల వాటి అక్షరాలే వేరు. గ్రామానికి మామూలు 'ర' తోటి ఊరు అని రాసేటోళ్లు. నీళ్లు ఊరుడుకు బండి ర తోటి 'ఊఱు' అని రాసేటోళ్లు. పలుకుడు కూడ వేరుగనే ఉండె. తర్వాత్తర్వాత మన నోట్ల రెండు ర లు కలిసిపోయినయి, బండి ర బడి పుస్తకాలల్లకెల్లి కూడ పోయింది. తమిళంల ఆ తేడా రాతల ఇప్పటికీ ఉన్నది. అక్కడ గ్రామానికి ఒక ర, ఊరగాయకు ఇంకో ర రాస్తరు. అంటే ఒకప్పుడు వేరు వేరు ఉన్న మాటలు కాలం గడిస్తె ఒక్క తీరుగ వినవడొచ్చు. గిది చాన ముఖ్యమైన ముచ్చట.

మూడోది సంస్కృతం నుంచి వచ్చిన ఊరువు. అంటే తొడ. భాసుడు రాసిన ఊరుభంగం అనే నాటకం ఊరు కూలగొట్టిన కథ కాదు, భీముడు దుర్యోధనుని తొడలు ఇరగ్గొట్టిన కథ.

ఇగ 'ఊరికే పోయిన' అన్నమనుకో. ఊరికి మాత్రమే పోయిన అనొచ్చు, పని లేకుండ ఉత్తగ పోయిన అని కూడ అనొచ్చు. ఇనేటోనికి సందర్భం తెలుస్తెనే అర్థం తెలుస్తది. ఒక్క భాషల, ఒక్క ఇంట్ల మాట్లాడే మాటలకే ఇన్ని చిక్కులుంటే, వేల మైళ్ల అవతలి భాషల మాటకు ఉత్త సప్పుడు చూసి సుట్టరికం కలిపితే ఎట్ల?

ఇరాక్ పట్నం కథ

ఇప్పుడు ఇరాక్ పోదాం. దక్షిణ ఇరాక్‌ల నాసిరియా పట్నం దగ్గర పెద్ద దిబ్బ ఉన్నది. 1922 నుంచి 1934 దాక లియొనార్డ్ వూలీ అనే బ్రిటిష్ ఆయన అక్కడ తవ్వకాలు చేసిండు. రాజుల సమాధులు, బంగారు సొమ్ములు, సంగీత వాద్యాలు బయటవడ్డయి. క్రీ.పూ. 21వ శతాబ్దంల ఊర్-నమ్ము అనే రాజు చంద్ర దేవునికి కట్టించిన మెట్ల గుడి ఇప్పటికి నిలవడి ఉన్నది.

ఆ పట్నంల ఉన్నోళ్లు మాట్లాడింది సుమేరు భాష. లోకంల మొదట రాతకెక్కిన భాషలల్ల అదొకటి. తడి మట్టి పలకల మీద పుల్లతోటి గీతలు గీసి రాసిన్రు. ఇప్పటిదాక ఏ భాషా కుటుంబంతోటి దానికి సంబంధం తేలలేదు. ఒంటరి భాష అది.

ఆ పట్నానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ఊర్' కాదు, 'ఉరిమ్'. తర్వాత వేరే భాషలోళ్ల నోట్ల పడి చివరి 'మ్' రాలిపోయింది. యూదుల గ్రంథంల అబ్రాహాము సొంత పట్నం పేరుగ ఊర్ అని వచ్చింది. అక్కడినుంచి బైబిల్‌తోటి లోకమంత తిరిగింది. తెలుగు బైబిల్ల ఆదికాండంల ఆ పట్నం పేరును ఊరు అనే రాసిన్రు. మన తెలుగు చెవికి 'ఊరు అనే పట్నం' అని వినవడుతది. గందుకే ఈ అనుమానం మన దగ్గర అంత తొందరగ అంటుకుంటది.

రాజు పేరు ఊర్-నమ్ములున్న ఊర్‌కు పట్నం పేరుతోటి సంబంధం లేదు. సుమేరు భాషల 'ఉర్' అంటే కుక్క. మనిషి, సేవకుడు అనే అర్థంల కూడ వాడిన్రు. నమ్ము అనే దేవతకు సేవకుడు అని ఆ రాజు పేరు. వాళ్ల భాషల సింహాన్ని 'ఉర్‌మహ్' అన్నరు, 'మహ్' అంటే పెద్ద.

మరి పట్నానికి వాళ్లేమన్నరు? దానికొక గుర్తు ఉన్నది. ఎనుకట పండితులు దాన్ని 'ఉరు' అని చదివిన్రు. మన ఊరుతోటి ముడి పెట్టేటోళ్లు పట్టుకునేది దీన్నే. ఇప్పుడు చానమంది పండితులు ఆ గుర్తును 'ఇరి' అని చదువుతున్నరు. చేతిల ఉన్న ఒక్క ఆధారం కూడ గట్టిది కాదన్నట్టు.

లోకంల ఇంకెన్ని ఊర్లు!

సప్పుడు కలిస్తె సుట్టాలే అనుకుంటే, ఎంతమంది మన సుట్టాలైతరో చూడున్రి.

స్పెయిన్, ఫ్రాన్సు నడిమిట్ల కొండలల్ల బాస్కు జనం ఉంటరు. వాళ్లదీ సుమేరు లెక్కనే ఒంటరి భాష. వాళ్ల భాషల 'ఉర్' అంటే నీళ్లు. మన బాయిల నీళ్లు ఊరుతయి కదా, కలుపుకుందామా?

టర్కీ భాషల 'ఉర్' అంటే ఒంట్ల లేచే కణితి. యూదుల హీబ్రూ భాషల 'ఊర్' అంటే మంట. వెలుగు అనే అర్థమున్న 'ఓర్' దానికి తోడబుట్టింది. స్కాట్లాండ్ కొండోళ్ల గేలిక్ భాషల 'ఊర్' అంటే కొత్తది.

జర్మనీకి పోతే సరిగ్గ దానికి ఎదురు. అక్కడ మాట ముందల 'ఊర్' తగిలిస్తె ఆది కాలందని అర్థం. మనిషి గొడ్డలి తాకని అడవిని ఊర్‌వాల్డ్ అంటరు. తాత అనే మాట ముందల ఊర్ పెడ్తె ముత్తాత అయితడు. 'బయటికి' అని అర్థమిచ్చే పాత మాట అరిగి అరిగి ఈ ఊర్ అయింది. అదే జర్మన్ల గడియారాన్ని కూడ 'ఊర్' అంటరు. ఇది లాటిన్ 'హోరా' నుంచి వచ్చింది. ఇంగ్లీషుల గంటను 'అవర్' అనేది కూడ ఆ హోరానే. మూడో ఊర్ కూడ ఉన్నది. అది ఒక అడవి ఎద్దు పేరు. ఇప్పటి మన ఆవులు, ఎడ్లు ఆ తెగ అడవి పశువుల సంతానమే. వాటిల ఆఖరిది 1627ల పోలండ్ అడవిల సచ్చిపోయింది. ఒక్క జర్మన్లనే మూడు ఊర్లు, మూడిటికి మూడు పుట్టుకలు. మన తెలుగు లెక్కనే.

నాకు అన్నిటికన్న ఎక్కువ మనసుకు తాకింది హంగరీ ముచ్చట. అక్కడ 'ఊర్' అంటే దొర. మన దగ్గర ఊర్ల దొర ఉండె. వాళ్ల దగ్గర ఊర్ అంటేనే దొర. రెండో ప్రపంచ యుద్ధం అయినంక అక్కడ జమీందార్ల పెత్తనం కూలింది. 1947ల చట్టం చేసి రాజకుటుంబాల, దొరల బిరుదులు రద్దు చేసిన్రు. కమ్యూనిస్టుల ఏలుబడిల ఆఫీసులల్ల, మీటింగులల్ల ఊర్ అని పిలుసుడు బంద్ చేసి, కామ్రేడ్ అనే అర్థమొచ్చే మాట తెచ్చిన్రు. ఆ సర్కారు పోయినంక ఊర్ మల్ల వచ్చింది. ఇప్పుడు దొర అనే బరువు తగ్గి, మనం పేరు ఎనుక 'గారు' పెట్టినట్టు మర్యాదకు పెడ్తున్నరు. 'బాంచన్ దొరా' అని అనిపించుకున్న నేల మీద పుట్టినోళ్లకు ఈ కథ వేరే చెప్పనక్కర లేదు. ఒక పిలుపు పోవాల్నంటే దాని ఎనుకున్న భూమి, అధికారం కదలాలె.

ఎందుకు ఇట్ల కలుస్తయి?

లోకంల దగ్గర దగ్గర 7 వేల భాషలున్నయి. మనిషి నోటికి పలికొచ్చే సప్పుళ్లు కొన్నే. 'ఊ' అని పెదవులు గుండ్రంగ చేసి, 'ర్' అని నాలుక కదిపితే ఊర్. ఇంత పొట్టి మాట చానా భాషలల్ల పుడ్తది. మాట ఎంత పొట్టిగుంటే యాదృచ్ఛికంగ కలిసే అవకాశం అంత ఎక్కువ.

మనకు దగ్గరి ఉదాహరణ ఉన్నది. బద్‌నాం, బద్మాష్ అంటం కదా. అండ్ల 'బద్' ఫారసీ మాట, చెడ్డ అని అర్థం. ఇంగ్లీషుల 'బ్యాడ్' అన్నా చెడ్డనే. సప్పుడు కలిసింది, అర్థం కూడ కలిసింది. అయినా రెండిటి పుట్టుక వేరు. ఆస్ట్రేలియా ఆదివాసుల ఎంబబరం అనే భాషల కుక్కను 'డాగ్' అన్నట్టే పిలిచేటోళ్లు. ఇంగ్లీషోళ్ల నుంచి తీసుకోలే. ఇరుగుపొరుగు భాషలల్ల కుక్క పేరు 'గుడగ'. ఎంబబరంల ముందటి సప్పుడు రాలిపోయి మిగిలింది అట్ల తయారైంది. అర్థంతో సహా కలిసినా సుట్టరికం లేకపోవచ్చు.

మరి అసలు సుట్టాన్ని ఎట్ల గుర్తు పట్టాలె?

మూడు పరీక్షలు పెట్టాలె.

ఒకటి, మాట పాత రూపం చూడాలె. ఇప్పటి ఊర్ కాదు, అప్పటి ఉరిమ్ చూడాలె. ఇప్పటి ఊరగాయ కాదు, అప్పటి ఊఱు చూడాలె.

రెండు, ఒక్క మాట చాలదు. అంకెలు, ఒంటి భాగాలు, నీళ్లు, నిప్పు అసొంటి రోజు వాడే మాటలు గుంపుగ కలవాలె. తెలుగుల రెండు, మూడు, తల, కన్ను, నీరు. కన్నడంల ఎరడు, మూరు, తలె, కణ్ణు, నీరు. సుమేరుల రెండుకు మిన్, మూడుకు ఎష్, తలకు సగ్, కన్నుకు ఇగి, నీళ్లకు ఆ. ఇగ మీరే చెప్పున్రి, ఎవలు ఎవలకు సుట్టం?

మూడు, తేడా ఉన్నకాడ కూడ ఆ తేడా ఒక పద్ధతిగ ఉండాలె. కన్నడోళ్లు చెరువును కెరె అంటరు, చెవిని కివి అంటరు, చెడును కెడు అంటరు. వాళ్ల 'క' ఉన్నకాడ మనకు 'చ' వస్తున్నది. ఒక్క మాటల కాదు, వరుసగ వస్తున్నది. ఒక్క తీరుగ వినవడుడు కన్న, పద్ధతి ప్రకారం వేరుగ వినవడుడే గట్టి సాక్ష్యం.

ఈ తొవ్వలనే 1816ల ఫ్రాన్సిస్ ఎల్లిస్ అనే మద్రాసు అధికారి తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదు, వాటిది వేరే కుటుంబం అని రాసిండు. 1856ల కాల్డ్వెల్ దాన్ని పెద్ద వ్యాకరణంగ తెచ్చిండు. మన ఒంగోలుల పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి జీవితమంత ఈ పని మీదనే ఉండి, 2003ల ద్రావిడ భాషల మీద లోకమంత చదివే పుస్తకం తెచ్చిండు.

దూరపు సుట్టం కావాలంటే నిజంగనే ఉన్నరు. పాకిస్తాన్ల బలూచిస్తాన్ కొండలల్ల బ్రాహుయీ జనం ఉంటరు. చుట్టూ బలూచీ, పష్తో మాట్లాడేటోళ్లు, నడుమ వీళ్లు. వాళ్ల భాషల రెండు అంటే ఇరట్, మూడు అంటే ముసిట్. కన్నును ఖన్ అంటరు. రాయిని ఖల్ అంటరు. ఓరుగల్లులున్న 'కల్లు' యాది పెట్టుకోమన్న కదా, గదే కల్లు. మన 'క' ఉన్నకాడ వాళ్లకు 'ఖ'. కన్నడం లెక్కనే ఇదీ పద్ధతి ప్రకారం మారింది. ఓరుగల్లుకు, బలూచిస్తాన్‌కు నడుమ ఎంత దూరమో మ్యాపుల చూడున్రి. ఇది ఎవలో ఫార్వర్డ్ చేసిన కథ కాదు. లెక్క తప్పకుండ నిలవడ్డ సుట్టరికం. అదే టైముల మన పక్కనే ఆదిలాబాద్ గోండు అన్నలు ఊరును 'నార్' అంటరు. అది మన 'నాడు'కు సుట్టం. సొంత కుటుంబంల ఉన్నోళ్లది వేరే మాట, సంబంధం లేనోళ్లది కలిసే మాట. గిట్లుంటది భాష.

అయితే ఏంది? అనెటోళ్లకు

ఒక తప్పు వీడియో పంపితే ఏం పోతదంటరు. చాన పోతది. మనది గొప్ప అని చెప్పెతందుకు అబద్ధం అలవాటైతే, రేపు 'మీ భాష మొత్తం మా భాషల్నుంచి పుట్టింది' అని ఇంకొకడు అబద్ధం చెప్తె ఎదుర్కొనెతందుకు మన దగ్గర ఆయుధం ఉండది. సప్పుడు కలిస్తె చాలంటే ఆ దారి అందరికీ తెరిచే ఉంటది. రుజువు అడిగే అలవాటే బలహీనుని బలం.

ఇంకో ముచ్చట. ఇరాక్ దాక పోయి ఊరు ఎతికేటోళ్లకు ఇంటి ముందటి ఊరు కనవడుతలేదు. ఊరు అనే మాట అందరికీ ఒక్కటే కాదు. పట్నంల బతికేటోడు 'ఊరికి పోతున్న' అంటే ఇల్లు, అమ్మ, నాయిన. సర్కారు కాయితంల ఊరంటే హద్దులు, సర్వే నంబర్లు. వాడల ఉండే మనిషి 'ఊర్లెకు పోయొస్త' అంటది. ఒకే పంచాయితి, ఒకే పిన్‌కోడ్, అయినా ఆమె ఉన్న జాగ 'ఊరు' కాదు. 'ఊరూ వాడా' అని మనం కలిపి పలుకుతం గని, రెండు మాటలు ఎందుకు కావాల్సి వచ్చినయో అడగం. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభల ఊరును దేవుని లెక్క పొగిడేటోళ్లకు ఎదురు చెప్పింది ఊర్కెనే కాదు. ఊరు అనే మాటకు అసలు అర్థం ఎతకాలంటే ఆ గీత కాడ ఆగి ఎతకాలె.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మీ చేతిల ఫోన్ ఉన్నది. దానితోటి ఒక పని చేయున్రి. మీ ఊరి పేరును ముసలోళ్లు ఎట్ల పలుకుతరో రికార్డు చేయున్రి. పాత పహాణీలల్ల, పట్టా కాయితాలల్ల ఎట్ల రాసిన్రో ఫొటో తీయున్రి. గుడి కాడనో, చెరువు కట్ట కాడనో శాసనం రాయి ఉంటే, అందుల ఏ పేరు ఉన్నదో తెలిసినోళ్లను అడుగున్రి. చెల్కల పేర్లు, కుంటల పేర్లు, వాడల పేర్లు రాయున్రి. వాడలోళ్లు తమ జాగను తాము ఏమని పిలుసుకుంటరో ముందుగాల రాయున్రి, ఎందుకంటె కాయితాలకు ఎక్కనిది అదే.

కృష్ణమూర్తి సారు మనుషులను ఊర్లల్లకు పంపి, రైతులు నాగలికి, కాడికి, మోటకు ఏ జిల్లాల ఏ మాట అంటరో రాయించి, 1962ల వ్యవసాయ పదాల కోశం అచ్చేయించిండు. ఇయ్యాల ఆ మాటలల్ల చాన మాటలు ట్రాక్టర్ కింద పడి పోయినయి. ఆ పుస్తకంల ఉన్నయి కాబట్టి మనకు ఆనవాలన్న దొరుకుతున్నది. మీ ఊరి మాటలు కూడ ముసలోళ్లతోనే పోతయి, ఎవలో ఒకలు కూసొని రాసుకుంటె తప్ప.